మామ్మగారి నూనె సీసా

గోదావరి కాలువ ఒడ్డున ఒక ఊళ్లో లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. ముప్పై అయిదేళ్లు బళ్లో వడ్డీ లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన భార్యను ఊరంతా మామ్మగారనేవారు. పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే అయినా పొయ్యి మీంచి మూకుడు దిగేది కాదు. వేపుడు లేనిదే మాస్టారికి ముద్ద దిగదు మరి. ఒకరోజు దొండకాయ, ఒకరోజు అరటికాయ, ఇంకోరోజు బంగాళాదుంప. పప్పు చేసిన రోజున ఊరమిరపకాయలు, వడియాలు, అప్పడాలు వేగాల్సిందే. సాయంత్రం టీతో పాటు రెండు చెక్కలో గుప్పెడు జంతికలో.

ఒక ఏడు సంక్రాంతి వెళ్లాక షుగరు పరీక్షకని టౌనుకి వెళ్తే, డాక్టరు పొట్ట స్కానింగు కూడా రాశాడు. ఆ డాక్టరు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. రిపోర్టు చూసి కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు.

"మాస్టారూ, లివర్‌కి కొవ్వు పట్టింది. గ్రేడ్ టూ."

"అదేమిటయ్యా! నేను మందు చుక్క ముట్టినవాణ్ణి కాదే. నాకు లివర్ జబ్బేమిటి?"

"మందుతో వచ్చేది వేరండీ. ఇది తిండితో వచ్చేది. పొట్ట పెరగడం, షుగరు, తీపి, నూనె, రెండు పూటలా అన్నం, నడక లేకపోవడం, అన్నీ కలిసి తెచ్చింది. ఇప్పుడు మీరు 82 కిలోలున్నారు. మెల్లగా ఆరేడు కిలోలు తగ్గారంటే లివర్ తనంతట తనే తేరుకుంటుంది. మూడు నెలలకి మళ్లీ రండి."

ఈ సంగతి తెలిసిన వారానికే కొడుకు ఎయిర్ ఫ్రయ్యర్ పంపించాడు. నల్లటి పెట్టె, ముందుకి లాగితే సొరుగులా వచ్చే గిన్నె, గిన్నెలో చిల్లుల పళ్లెం. పైన తీగచుట్ట ఎర్రబడుతుంది, దాని పైన ఫ్యాను తిరుగుతుంది. ఎలా వాడాలో మనవరాలు వీడియో కాల్లో చూపించింది. మామ్మగారు దానికి గాలి మూకుడని పేరు పెట్టుకున్నారు.

మొదటిరోజు దొండకాయలు. నిలువుగా చీరి, ఉప్పు, పసుపు, ఒక చెంచా నూనె వేసి చేత్తో బాగా పట్టించారు. ముక్కలన్నీ పళ్లెంలో ఒకే వరసలో పరిచి 180 డిగ్రీల మీద పావుగంట పెట్టారు. మధ్యలో ఒకసారి గిన్నె లాగి కుదిపారు. అంచులు ముడుచుకుని గోధుమరంగు తిరిగాక బయటికి తీసి, అప్పుడు వెల్లుల్లి కారం చల్లారు. కారం ముందే వేస్తే మాడుతుందని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మాస్టారు ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇంకో ముక్క తీసుకుని, "బానే ఉందే" అన్నారు.

అన్నీ అలా కుదరలేదు. అప్పడం పెడితే గాలికి ఎగిరి పైనున్న తీగకి అంటుకుని మాడింది. మర్నాడు దాని మీద చిన్న స్టీలు స్టాండు బోర్లించారు, నిలబడింది. మిరపకాయ బజ్జీ ప్రయత్నిస్తే శనగపిండి జారి చిల్లుల్లోంచి కిందకి కారి అట్టు కట్టింది. దాని జోలికి మళ్లీ పోలేదు.

మామ్మగారిది ఒక పాత అలవాటు. వాళ్లమ్మ వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలో పోసేది. ఆ పిడికెడు బియ్యమే కరువులో అక్కరకొచ్చేదని చెప్పేది. అది గుర్తొచ్చిందో ఏమో, ఆవిడ అటక మీంచి పాత హార్లిక్స్ సీసా ఒకటి దింపి, తోమి, ఎండబెట్టి పొయ్యి పక్కన పెట్టారు. ఇద్దరికీ వేపుడంటే ఇదివరకు అయిదు చెంచాల నూనె పట్టేది. ఇప్పుడు ఒక చెంచా. మిగిలిన నాలుగు చెంచాల పప్పునూనె రోజూ డబ్బాలోంచి తీసి ఆ సీసాలో పోసేవారు.

నెల తిరిగేసరికి సీసా సగం దాటింది. సీసాని వెలుతురుకి ఎత్తి చూసి మాస్టారు మురిసిపోయారు. "ఇంత నూనె తినేవాళ్లమంటే నమ్మబుద్ధి కావట్లేదే!"

అక్కణ్ణుంచి ఆయనకి ధైర్యం పెరిగింది. "వేపుట్లో నూనె లేదు కదా, పప్పులో ఇంకో చెంచా నెయ్యి వెయ్యి" అనేవారు. వేపుడు రుచిగా ఉందని అన్నం మారు వడ్డించుకునేవారు. పెళ్లికెళ్తే లడ్డూ వద్దనేవారు కాదు. "ఇంట్లో గాలి మూకుడుంది, ఫరవాలేదు" అనేది ఊతపదం అయిపోయింది. కొడుకు వచ్చినప్పుడు ఫ్రీజర్లో పెట్టుకునే బంగాళాదుంప ముక్కల ప్యాకెట్లు నాలుగు తెచ్చాడు. నూనె వెయ్యకుండానే అవి కరకరలాడుతుంటే మాస్టారు ఆశ్చర్యపోయారు. ఆ ముక్కలు ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో వేగి వస్తాయని మామ్మగారు ప్యాకెట్ వెనక చదివి తెలుసుకున్నారు.

ఆవిడ ఆయనతో వాదించలేదు. న్యూట్రిషన్ చదువుతున్న మనవరాలికి ఫోన్ చేసి అడిగారు. "క్యాలరీల్లో చూస్తే ఒక చెంచా నెయ్యి, ఒక చెంచా నూనె దాదాపు ఒకటే మామ్మా. రెండు చెంచాల చక్కెర ఒక చెంచా నూనెతో సమానం. గరిటెడు అన్నం ఎక్కువ తింటే మూడు చెంచాల నూనె తాగినట్టే" అంది ఆ పిల్ల. మామ్మగారు ఆ మూడు ముక్కలూ మనసులో పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి మాస్టారు కొత్తగా ఏది కలుపుకున్నా, వంటింట్లోకి వెళ్లి ఆ లెక్కకి సరిపడా నూనె సీసాలోంచి తీసి డబ్బాలో పోసేవారు. పొద్దున నాలుగు చెంచాలు సీసాలోకి వెళ్లేవి. మధ్యాహ్నం ఒక చెంచా నెయ్యికి ఒకటి, మారు అన్నానికి మూడు, మొత్తం నాలుగూ వెనక్కి వచ్చేవి. లడ్డూ తిన్న రోజున ఇంకా ఎక్కువే వచ్చేవి.

మూడు నెలలయ్యాక టౌనుకి వెళ్తే స్కానింగులో మళ్లీ గ్రేడ్ టూ. బరువు ఎనభై రెండున్నర. బస్సు దిగి ఇంటికొస్తూనే మాస్టారు మండిపడ్డారు.

"ఆ మిషన్ దండగ! ఎవరికైనా ఇచ్చెయ్. మూడు నెలలు నోరు కట్టుకున్నా, గుండుసూదంతైనా తేడా లేదు."

మామ్మగారు మంచినీళ్లిచ్చి, వంటింట్లోకి వెళ్లి సీసా తెచ్చి ఆయన ముందు పెట్టారు. అడుగున రెండు వేళ్ల ఎత్తు నూనె ఉంది.

"ఇదేమిటే, నిండుతూ ఉండేది కదా? ఏమయింది?"

"మీరే తిన్నారండీ."

"నేనా? నూనె నేనెక్కడ తిన్నాను?"

"నెయ్యిగా తిన్నారు. మారు అన్నంగా తిన్నారు. లడ్డూలుగా తిన్నారు. మీరు కలుపుకున్నప్పుడల్లా నేను ఇందులోంచి తీశాను. మీ లోపలున్నది చెప్పలేదు కదా, అందుకని ఇక్కడ రాసిపెట్టాను."

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పాల లెక్క రాసే క్యాలెండరు తీసి, ఆ నెల కాగితం తిప్పి, వెనక పెన్సిలుతో వేసుకున్నారు. ఇద్దరికీ కలిపి రోజుకి మిగిలింది 4 చెంచాలు. అందులో తన వాటా 2. తను కొత్తగా కలిపింది 4. తీసివేత చేసి కింద గీత గీశారు. ముప్పై అయిదేళ్లు పిల్లలకి ఇదే లెక్క చెప్పిన చెయ్యి ఆ గీత దగ్గర ఆగిపోయింది.

మర్నాటి నుంచి నెయ్యి పాత కొలతకే వచ్చింది. అన్నం ఒక గరిటె తగ్గింది, దాని చోట తోటకూరో బీరకాయో పెరిగింది. టీలో చక్కెర మొదటి వారం ఒక చెంచాకి తగ్గి, రెండో నెలకి పూర్తిగా పోయింది. తెల్లవారుజామున కాలువ గట్టు మీద లాకుల దాకా వెళ్లి రావడం మొదలుపెట్టారు. గాలి మూకుడు ఎక్కడికీ పోలేదు. దొండకాయా, చేపముక్కా అందులోనే వేగేవి. సీసాలోకి వెళ్లిన నూనె మాత్రం ఇప్పుడు వెనక్కి రాలేదు. మొదటి సీసా నిండితే మామ్మగారు రెండోది దింపారు.

కార్తీకమాసం వచ్చేసరికి ఆయన 76 కిలోలకి దిగారు. స్కానింగులో గ్రేడ్ వన్. లివర్ రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ మామూలు అంకెకి వచ్చింది. "పూర్తిగా పోలేదు మాస్టారూ, వదలకండి" అన్నాడు శిష్యుడు. పౌర్ణమి నాటి సాయంత్రం మామ్మగారు నిండిన సీసాలు తీసుకుని కాలువ రేవుకి వెళ్లారు. ఆ రాత్రి రేవు మెట్ల మీద వెలిగిన దీపాలన్నీ ఆ నూనెతోనే.

నీతి

వేయించే పద్ధతి మారితే నూనె తగ్గుతుంది. ఆ తగ్గింది మరో దారిన కంచంలోకి తిరిగి రాకుండా చూసుకుంటేనే అది లివర్‌కి లాభం.

కథ చిన్నదే కానీ, ఈ మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. నాకు తెలిసిన ఎన్నో ఇళ్లలో ఈ నల్ల పెట్టె చేరింది. ఫ్యాటీ లివర్ అని తేలగానే ఇంటికొచ్చే మొదటి వస్తువు అదే అవుతోంది. తప్పేమీ లేదు. కానీ పెట్టె కొనడంతో చికిత్స అయిపోయిందనుకోవడం దగ్గరే మాస్టారు పడ్డ పొరపాటు మొదలవుతుంది.

కాలేయం మన ఒంట్లో గాదె లాంటిది. పెద్దవాళ్లలో కిలోన్నర దాకా బరువుంటుంది. తిన్నది చాలావరకు దాని గుమ్మం దాటే వెళ్లాలి. అందులో కొవ్వు అయిదు శాతం మించితే ఫ్యాటీ లివర్ అంటారు. ఆ కొవ్వంతా మూకుట్లోంచే వచ్చిందనుకుంటే మోసపోతాం. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు రక్తంలో కలిసి అక్కడికి చేరుతుంది. అవసరానికి మించి తిన్న తీపినీ, పిండినీ కాలేయమే స్వయంగా కొవ్వుగా మార్చుకుంటుంది. చక్కెరలో సగభాగమైన ఫ్రక్టోజ్‌ని ఎక్కువగా అరిగించేది కాలేయమే. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో ముప్పై గ్రాములకి పైనే చక్కెర ఉంటుంది. నూనె లేని వేపుడు పక్కన ఆ సీసా పెట్టుకుంటే లివర్‌కి మనం చేసిన మేలేమీ లేదు.

మందు ముట్టని తనకి ఈ జబ్బేమిటని మాస్టారు అడిగిన ప్రశ్నే చాలామంది అడుగుతారు. ఇన్నాళ్లూ దీని పేరు కూడా ఆ అయోమయాన్నే మోసింది. మద్యంతో సంబంధం లేనిది అని చెప్పే పేరే కానీ, దేనితో సంబంధమో చెప్పే పేరు కాదు. 2023లో వైద్యులు ఆ పేరు మార్చి, ఒంటి జీవక్రియ గాడి తప్పడంతో వచ్చే జబ్బుగా కొత్త పేరు పెట్టారు. ఇది పెద్దవయసు వాళ్లకే వస్తుందనీ అనుకోవద్దు. హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి ఈ సమస్య కనిపించింది. మామ్మగారి కొడుకు వయసు వాళ్లో, ఇంకా చిన్నవాళ్లో వీళ్లంతా. కూర్చుని చేసే పని, వేళగాని భోజనం, నిద్ర కరువు ఈ పాపంలో తలా కొంత పంచుకున్నాయి.

ఇక యంత్రం సంగతి. 2010లో ఫిలిప్స్ కంపెనీ యూరప్‌లో అమ్మకానికి తెచ్చాక ఇది ఇంటింటికీ పాకింది. పేరులో వేపుడున్నా, అది చేసేది వేపుడు కాదు. వేడిగాలిని గట్టిగా తిప్పే చిన్న ఓవెన్ అది. ముక్క మీది తడిని ఆ గాలి త్వరగా లాగేస్తుంది కాబట్టి పైన కరకరలాడుతుంది. ఒక చెంచా నూనెలో 40కి పైగా క్యాలరీలుంటాయి కాబట్టి, రోజూ వేపుడు తినే ఇంట్లో నాలుగు చెంచాలు తగ్గడం చిన్న విషయం కాదు. చేపముక్క, కోడిముక్క, దొండకాయ, బెండకాయ, కాకరకాయ, నానబెట్టిన శనగలు ఇందులో చక్కగా కుదురుతాయి. జారుడు పిండితో చేసేవి కుదరవు. గారెల్ని బలవంతంగా ఇందులో పెట్టి, పండగపూట గట్టి బిళ్లలు తినడమెందుకు? పండక్కి రెండు గారెలు మంచి నూనెలోనే వేసుకుని తినండి. రెండే అని గుర్తుంటే చాలు. నన్ను భయపెట్టేది ఆ రెండు గారెలు కాదు, రోడ్డు పక్క మూకుట్లో పొద్దుటి నుంచీ మరుగుతున్న నల్లనూనె. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పోలార్ పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని మన ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి నిబంధన పెట్టింది. ఇంట్లో అప్పడాలు వేయించిన నూనెని సీసాలో దాచి నాలుగోసారి వాడే అలవాటు కూడా మానుకోవాల్సిందే.

బంగాళాదుంప విషయంలో ఇంకో జాగ్రత్త. పిండిపదార్థం ఉన్న కూరగాయలు 120 డిగ్రీలు దాటిన వేడిలో వేగితే ఆక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. వేడిగాలిలోనూ అది పుడుతుంది. ముక్కల్ని అరగంట నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, పసుపు తిరిగే దాకా వేయిస్తే అది బాగా తగ్గుతుంది. ఎర్రగా మాడ్చుకుని తినే సరదా వదులుకోవాలి.

లివర్ తేలికపడటానికి అసలు దారి బరువు తగ్గడమే. ఒంటి బరువులో అయిదు శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు కూడా తగ్గుముఖం పడుతుంది. మాస్టారు 82 నుంచి 76కి రావడమంటే ఏడు శాతం దాటడం. ఆ ఆరు కిలోలూ పెట్టె ఒక్కటే దింపలేదు. తగ్గిన గరిటెడు అన్నం, టీలోంచి పోయిన చక్కెర, కాలువ గట్టు నడక కలిసి దింపాయి. వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడవమని వైద్యులు చెప్పేది ఇందుకే. మందు అలవాటున్నవాళ్లు అది పూర్తిగా మానాలి, అందులో బేరం లేదు. చక్కెర లేని కాఫీ రెండు కప్పులు తాగేవాళ్లకి మాత్రం దిగులక్కర్లేదు, కాఫీ లివర్‌కి మేలు చేస్తుందనే పరిశోధనలు చెబుతున్నాయి. లివర్‌ని కడిగేస్తామంటూ అమ్మే పొడులూ కషాయాలూ కొనొద్దని చేతులు పట్టుకుని అడుగుతున్నాను. వాటిలో ఏముందో తెలియక తాగి, ఉన్న లివర్ పాడుచేసుకుని ఆసుపత్రి చేరినవాళ్లున్నారు.

మామ్మగారు "మీ లోపలున్నది చెప్పలేదు" అన్న మాటలో అతిశయోక్తి లేదు. కాలేయం లోపలి కండకి నొప్పి తెలిపే నరాలు లేవు, పైపొరకే ఉన్నాయి. అందుకే కొవ్వు పట్టినా, అది ముదిరి మచ్చ కట్టే దశకి వెళ్తున్నా, చాలాకాలం మనిషికి ఏమీ తెలియదు. ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నంత మాత్రాన కొవ్వు లేదని కూడా కాదు. కాబట్టి మీ ఇంట్లో షుగరున్నవాళ్లున్నా, మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ల నడుము 80 దాటినా, ఈ నెలలోనే ఒకసారి డాక్టరు దగ్గరకి తీసుకెళ్లి పొట్ట స్కానింగు చేయించండి. గాలి మూకుడు కొనాలా వద్దా అన్నది తర్వాత ఆలోచించుకోవచ్చు.